చెప్ప పో!

దీనమ్మ గొంతు సంగతి ముందు చెప్పాలి. అది చెప్పకపోతే మిగిలిన కథ నిలవదు. డెబ్బయ్యవ దశకంలో, వరంగల్ స్టేషన్ దాపున ఉన్న ఓ చిన్న చర్చి ఆవరణలో, ఆదివారం పొద్దున ఆమె రెండు చప్పట్లు చరిచి "పిల్లలూ!" అని ఒక్క కేక వేసిందంటే చాలు. గోలీలాడుతున్న వాళ్ళు గోలీలు జేబులో వేసుకుని, ముక్కులు తుడుచుకుని, పరుగున వచ్చి వరసలో కూర్చునేవారు. సండే స్కూలు పోటీలకు ఎక్కడికి తీసుకెళ్ళినా బహుమతి ఆమె పిల్లలదే. వాళ్ళంతా ఒక్క గొంతుతో బైబిల్లోని బంగారు వాక్యం అప్పజెబుతుంటే పాస్టరుగారి కళ్ళు చెమర్చేవి. దీనమ్మ చేతిలో పడితే ఎంత మొండి పిల్లైనా నోరు విప్పాల్సిందేనని వాడంతా అనేది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమె కొంగు ఒకసారి సర్దుకునేది. గర్వమా అంటే గర్వమే. ఎందుకుండకూడదు?

ఆమె పుట్టింది డోర్నకల్‌లో. తండ్రి రైల్వే జంక్షన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. తల్లి తొందరగా పోవడంతో, ఊహ తెలిసీ తెలియకముందే దీనమ్మను హాస్టల్లో వేశారు. అక్కడే చదువు, అక్కడే పాటలు, అక్కడే ఆ గొంతు. తర్వాత కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టర్‌గా పనిచేసే జ్ఞానప్రకాశాన్ని చేసుకుని వరంగల్ వచ్చింది. వారం రోజులూ ఒక బాల్వాడీలో పని, ఆదివారం చర్చిలో పని. రెండు చోట్లా పిల్లలే. పిల్లల గురించి తనకు తెలియనిదేమీ లేదని ఆమె నమ్మకం. అది ఎంత గట్టి నమ్మకమో, ఎట్లా కూలిందో చెప్పడానికే ఈ కథ.

ఎనభై రెండులో ఒక సాయంత్రం సుందర్ రావు సారు వాళ్ళింటికి వచ్చాడు. హనుమకొండలో ఒక దర్జీ దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకుని, పిల్లల బతుకుల మీద పరిశోధన చేసే కేంద్రం నడుపుతున్నాడాయన. మనిషి మంచివాడు, తొందర ఎక్కువ. చాయ్ కప్పు కింద పెట్టకముందే సంగతి చెప్పేశాడు.

"దీనమ్మగారూ, కొత్తవాడల పిల్లలతోని మాట్లాడాలె. డిగ్రీలు చదివిన పోరగాండ్లను తీసుకున్న. లెక్కలొస్తయి, ఇంగ్లీషొస్తది. పిల్లల ముందట కూసుంటె మాత్రం చెమటలు వడ్తానయి. మీరు జర వాళ్ళకు నేర్పాలె."

కొత్తవాడ అంటే వరంగల్‌లో జంపఖానాలు నేసే వాడ. ఇంటికో మగ్గం, మగ్గానికో కుటుంబం. నేసేది తండ్రి, కండెలకు దారం చుట్టేది పిల్లలు. ఆ పిల్లల కోసం అంతకుముందు ఎవరో పుణ్యాత్ములు సాయంత్రం బడి ఒకటి పెట్టారు. బల్లలు వచ్చాయి, పలకలు వచ్చాయి, పంతులు వచ్చాడు. రానిది పిల్లలే. నాలుగు నెలలకు మూసేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక సంస్థ వాళ్ళు మళ్ళీ బడి ఇస్తామంటున్నారు. అయితే ఈసారి ముందు పిల్లలనే అడగాలట, ఎప్పుడొస్తారో, ఎందుకు రారో. అడిగే మనుషులకు అడగడం వచ్చో రాదో చూడటానికి అక్కడి పెద్ద మేడమే స్వయంగా వస్తుంది. నచ్చితే కొత్తవాడకు బడి, నచ్చకపోతే అది వేరే ఊరికి పోతుంది.

"నేర్పుత సార్! పిల్లలను మాట్లాడిచ్చుడు నాకు పెద్ద పనా!" అంది దీనమ్మ. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కూడా పాట పాడుతూనే ఉంది.

శిక్షణ మొదలైంది. వచ్చిన వాళ్ళలో హుషారైనవాడు ఎల్లస్వామి. హసన్‌పర్తి రైతుబిడ్డ. ప్రశ్న అడిగాడంటే ఠాణాలో జమాదారు అడిగినట్టే ఉంటుంది. దీనమ్మ వాళ్ళందరికీ తన విద్యంతా ధారపోసింది. చప్పట్లు ఎట్లా కొట్టాలి, వరస ఎట్లా పెట్టాలి, పాట ఎక్కడ ఆపి ప్రశ్న ఎక్కడ వేయాలి. తర్వాత అందరినీ వెంటబెట్టుకుని కొత్తవాడ వెళ్ళింది. చిలుకమ్మ అనే నేత ఇంటి ఆమె తన వాకిలి ఊడ్చి ఇచ్చింది. వాడ పిల్లలంతా చేరారు. దీనమ్మ చప్పట్లు చరిచింది.

"బడికి పోవాలని ఉన్నదా?"

"ఔ టీచర్!"

"సాయంత్రం బడి పెడితే వస్తరా?"

"ఔ టీచర్!"

"రోజు వస్తరా?"

"ఔ టీచర్!"

వాకిలి దద్దరిల్లిపోయింది. మధ్యాహ్నానికల్లా కాగితాలన్నీ నిండిపోయాయి. ఎల్లస్వామి పెన్నుకు మూత పెట్టి, "మేడం, గింత అల్కగనా!" అన్నాడు. సుందర్ రావు సారు కాగితాలు తిరగేసి మురిసిపోయాడు. దీనమ్మ సంగతి ఇక అడగకండి. ఇంటికి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

జ్ఞానప్రకాశం షెడ్డు నుంచి వచ్చి, చేతుల మసి కడుక్కుని, భార్య చెప్పిందంతా విన్నాడు. ఆయన మాట్లాడేది తక్కువ, మాట్లాడితే చురక.

"అందరు ఔనన్నరా?"

"అందరు!"

"ఒక్కలు గూడ కాదనలే?"

"ఒక్కలంటె ఒక్కలు గూడ అనలే."

"గదేందే? మనింట్ల పిల్లి గూడ ఓపారి కాకుంటె ఓపారి పాలు వద్దంటది. ఆ పిల్లలు పిల్లికన్న బుద్ధిమంతులా?"

"మీకు అన్నిట్ల నవ్వులాటే" అని కసిరింది కానీ, ఆ మాట ఆమెను పట్టుకుని వదల్లేదు. మర్నాడు పొద్దున్నే ఎల్లస్వామిని తీసుకుని మళ్ళీ చిలుకమ్మ వాకిట్లో దిగింది. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వరస కట్టారు. దీనమ్మ చప్పట్లు చరిచి, నిన్నటి గొంతుతోనే అడిగింది.

"పిల్లలూ! నిన్న నేను ఏనుగెక్కి వచ్చిన గదా?"

"ఔ టీచర్!"

"ఆ ఏనుగు పచ్చరంగుది గదా?"

"ఔ టీచర్!" ఈసారి ఇంకా గట్టిగా.

ఎల్లస్వామి పొట్ట పట్టుకుని నవ్వాడు. దీనమ్మ కూడా నవ్వింది. నవ్వి, సగంలో ఆగిపోయింది. అరుగు మీద కూలబడింది.

హాస్టల్ గుర్తొచ్చిందామెకు. ఎవరైనా పెద్దవాళ్ళు చూడటానికి వస్తే పిల్లలకు నూనె పెట్టి దువ్వి వరసలో నిలబెట్టేవాళ్ళు. వచ్చినాయన "ఇక్కడ మీకు బాగుందా?" అనేవాడు. ఇంట్లో ఎన్నడూ 'అండీ' అని ఎరగని పిల్లలంతా "బాగుందండీ!" అని అరిచేవారు. ఒకసారి ఒక పెద్దావిడ ముందు వరసలో ఉన్న దీనమ్మ దగ్గర ఆగి, వంగి, మళ్ళీ అడిగింది. "నిజంగా బాగుందా పాపా?" దీనమ్మకు ఆ రోజు ఒళ్ళు కాలిపోతోంది. నాయన దగ్గరికి పోవాలని ఉంది, ఇంజన్ కూత వినాలని ఉంది. వెనక నుంచి మేట్రన్ చెయ్యి భుజం మీద పడింది. గిచ్చలేదు, కొట్టలేదు, ఊరికే పడింది. "బాగుందండీ" అంది దీనమ్మ. ఆవిడ సంతోషంగా రాసుకుని వెళ్ళిపోయింది.

"ఎల్లస్వామీ, నేనే ఆ మేట్రన్‌నయిన" అంది దీనమ్మ. అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేట్టు చెప్పింది. అతను నవ్వడం మానేశాడు.

తిన్నగా హనుమకొండ వెళ్ళి దర్జీ దుకాణం మెట్లు గబగబా ఎక్కింది. "సార్, ఆ కాయితాలన్ని పొయ్యిల వెట్టుండ్రి. అండ్ల ఒక్క ముక్క గూడ నిజం లేదు. తప్పు పిల్లలది కాదు, పోరగాండ్లది కాదు, నాదే."

సుందర్ రావు సారు తల పట్టుకున్నాడు. "మేడం వచ్చే యాల్లయితాంది గదమ్మా! ఇప్పుడు మొదటికొస్తె ఎట్ల?"

"మొదటికొస్తెనే బడి వస్తది సార్. ఈ కాయితాలతోని వస్తె, వెనకటి బడి లెక్కనే అయితది. మల్ల తాళమే!" ఆయన ఆ కాగితాల కట్టను పక్కకు నెట్టేశాడు.

ఇక అక్కడి నుంచి చూడాలి దీనమ్మ హుషారు! తప్పు పట్టుబడితే కొందరు ముడుచుకుపోతారు. ఈమెకు రెక్కలొచ్చాయి. ముందు చప్పట్లు బందు. వరస బందు. ఒకరోజు ఎల్లస్వామి చేతిలో పిప్పర్మెంట్ల పొట్లం చూసి లాక్కుంది. "పిప్పర్మెంటు నోట్ల వెట్టినంక ఎవడన్న కాదంటడా? పని అయినంక ఇయ్యి, చెప్పినోళ్ళకు ఇయ్యి, చెప్పనోళ్ళకు గూడ ఇయ్యి."

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న పిల్ల ముందు నిలబడి ప్రశ్నలు వేస్తున్న ఇంకొకతన్ని రెక్క పట్టి కింద కూర్చోబెట్టింది. "గట్ల నిలవడితె పిల్లకు నీ మోకాళ్ళే కనవడ్తయి. మోకాళ్ళతోని ఎవలు మాట్లాడ్తరు?" తండ్రి పక్కనే ఉంటే పిల్ల తండ్రి మొహం చూసి చెబుతుంది, అట్లాగని తలుపు మూసిన గదిలోకి పిల్లను తీసుకుపోకూడదు. వాకిట్లోనే, అందరికీ కనబడేట్టు, ఎవరికీ వినబడనట్టు కూర్చోవాలి. పిల్ల చెప్పింది తల్లికి మోయకూడదు. "మోస్తె, రాత్రి ఆ పిల్ల ఈపు పగుల్తది. నువ్వు పోయి నూనె రాస్తవా?" ఇయ్యలేనిది ఇస్తామనకూడదు. అన్నిటికన్నా ముందు, ఎందుకు అడుగుతున్నామో పిల్లకు చెప్పాలి. ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదని కూడా చెప్పాలి.

ఈ చివరి ముక్క దగ్గర అందరూ మొరాయించారు. "పిల్లల పర్మిషన్ ఏంది మేడం? తండ్రినడిగితె అయిపాయె" అన్నాడు ఎల్లస్వామి.

దీనమ్మ అతని ఎదురుగా కింద కూర్చుంది. "మంచిది. నీ చిన్నప్పుడు ఎవలికి చెప్పకుంట దాసుకున్న ముచ్చటొకటుంటది గదా. అది చెప్పు."

ఎల్లస్వామి మొహం ఎర్రబడింది. గదిలో ఉన్న వాళ్ళంతా అతని వంకే చూస్తున్నారు. "అది చెప్ప మేడం" అన్నాడు చివరికి.

"మంచిది, చెప్పకు. నేనడుగ." నిజంగానే అడగలేదు. కాసేపాగి, "ఇప్పుడెట్లున్నది?" అంది.

"పానం నిమ్మలమైంది" అన్నాడు అతను.

"ఆ పిల్లలకు గూడ గట్లనే ఉంటది బిడ్డా." ఆ తర్వాత పర్మిషన్ గురించి ఎవరూ గొణగలేదు.

ఆ వేడిలో ఆమె చర్చిని కూడా వదల్లేదు. ఒక ఆదివారం "ఇయ్యాల పాట పాడుదామా, కథ విందామా?" అని పిల్లలను అడిగింది. ఒకడు ఇంటికి పోదామన్నాడు. పాస్టరుగారు చాలా నొచ్చుకున్నారు. అది వేరే గొడవ, వదిలేద్దాం.

పెద్ద మేడం వచ్చే రోజు రానే వచ్చింది. దీనమ్మ ముందే బతిమాలి ఆమెను ఎదురింటి అరుగు మీద, కాస్త దూరంగా కూర్చోబెట్టింది. పక్కన సుందర్ రావు సారు, వెనక శిక్షణ పొందిన మిగతావాళ్ళు. చిలుకమ్మ వాకిట్లో ఆమె కూతురు పద్మ రాట్నం తిప్పుతూ కండె చుడుతోంది. ఎల్లస్వామి వెళ్ళి పద్మకు ఎదురుగా కింద కూర్చున్నాడు. నేర్పినట్టే మెల్లగా మాట్లాడాడు. "చెల్లే, నా పేరు ఎల్లస్వామి. మీ వాడకు బడి పెడ్తరట. అది ఎట్లుంటె మీకు పనికొస్తదో తెల్సుకుందామని వచ్చిన. నీతోని జరసేపు మాట్లాడాలనున్నది. నీకు ఇష్టముంటెనే చెప్పు. చెప్పబుద్ధి గాకుంటె చెప్పకు, ఏమనం."

రాట్నం ఆగింది. పద్మ తలెత్తి అతన్ని పైనుంచి కిందికి చూసింది. అటు దీనమ్మను చూసింది.

"చెప్ప పో!" అంది.

సుందర్ రావు సారు అరుగు మీద నుంచి సగం లేచాడు. చిలుకమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి, "ఓసి నీ నోరు పాడుగాను! హైదరాబాద్ కెల్లి మేడం వచ్చింది, చెప్పవే!" అని చెయ్యెత్తింది. దీనమ్మ గబాల్న వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. "కొట్టకు చిలుకమ్మా, దండం వెడ్త. చెప్పకున్న మంచిదే అని మేమే అన్నం."

అన్నదే కానీ, బడి పోతోంది. కళ్ళముందే పోతోంది. సుందర్ రావు సారు అటునుంచి చేత్తో సైగ చేస్తున్నాడు, మీరు అందుకోండి అని. అందుకోవడం ఎంతసేపు? రెండు చప్పట్లు, ఒక్క పాట. పద్మ గలగలా మాట్లాడుతుంది, మేడం మురిసిపోతుంది, బడి వచ్చేస్తుంది. దీనమ్మ రెండు చేతులూ పైకి లేచాయి కూడా. ఎల్లస్వామి ఆ చేతుల వంకే చూస్తున్నాడు. ఏం చెయ్యమంటారు మేడం అన్నట్టు చూస్తున్నాడు.

ఆ చేతులతోనే దీనమ్మ కొంగు సర్దుకుని, గోడకు ఆనుకుని నిలబడింది.

ఎల్లస్వామి పెన్నుకు మూత పెట్టాడు. "మంచిది చెల్లే. నీ పని చేస్కో" అని లేచాడు. పద్మ మళ్ళీ రాట్నం తిప్పుకుంది.

"అంతేనా?" అంది పెద్ద మేడం ఎదురింటి అరుగు మీద నుంచి.

"అంతే మేడం" అంది దీనమ్మ.

ఇక వెళ్ళిపోదామని అందరూ కదిలారు. నాలుగడుగులు వేశారో లేదో, వెనక నుంచి గజ్జెల చప్పుడు. పద్మ ఈడు పిల్లలు, ఇంతసేపూ దడి చాటున నక్కి చూస్తున్నవాళ్ళు, దీనమ్మను చుట్టుముట్టారు. ఒకతి కొంగు పట్టి లాగింది.

"టీచర్, పద్మ చెప్పనన్నది గద. దాన్నేమనరా?"

"ఏమనం బిడ్డా."

"నేను గూడ చెప్పనంటె?"

"నిన్ను గూడ ఏమనం."

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇట్లాంటి వింత వాళ్ళెన్నడూ చూళ్ళేదు. అంతే, పండగైపోయింది!

"సాయంత్రం బడికి మేం రాం!" అని ఒకతి అరిచింది.

"రాం! రాం!" అని అందరూ ఎగిరారు.

ఎల్లస్వామి మొహం వెలిగిపోయి గబగబా పెన్ను తీశాడు. దీనమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది. "ఆగు. ఇది గూడ కోరసే. మొన్న ఔకు ఎగిరిన్రు, ఇయ్యాల కాదుకు ఎగుర్తాన్రు. ఒక్కొక్కలతోని ఒక్కొక్కలు కూసోండ్రి. చెప్పేదాన్ని చెప్పనీ, పోయేదాన్ని పోనీ."

వాకిలిలో, అరుగుల మీద, చింతచెట్టు కింద, ఒక్కో పిల్లకు ఒక్కరుగా కూర్చున్నారు. ఇద్దరు పిల్లలు "మేం చెప్పం" అని వెళ్ళిపోయారు. వెళ్ళనిచ్చారు. మిగిలినవాళ్ళు చెప్పారు. అబ్బ, ఏం చెప్పారు! పొద్దుమూకే వేళకే సేటు మనిషి సైకిలేసుకుని నేసిన సరుకు కోసం వస్తాడట. ఆ వేళకు ఇంట్లో ఒక్క చెయ్యి తక్కువైనా అయ్యకు కోపమట. అందుకే వెనకటి బడికి వెళ్ళలేకపోయారట. మరి ఆ బడి పంతులుకు వస్తామని ఎందుకన్నారంటే, "సారు గట్టిగ అడిగిండు గద" అంది ఒక పిల్ల.

"మల్ల ఎప్పుడైతె వస్తవు?" అని అడిగాడు ఎల్లస్వామి.

"పగటాల్ల. అయ్య అన్నం దిని పండుకుంటడు. మగ్గం ఆగుతది. అప్పుడైతె మేం ఊకెనే ఉంటం."

అవతల అరుగు మీద ఇంకో పిల్ల ఆ మాటే చెప్పింది, తన మాటల్లో. చింతచెట్టు కిందా అదే. ఒకరి మాట ఒకరికి వినబడే వీలే లేదు. దీనమ్మ ఒక్కో చోటి నుంచి ఆ ముక్క వినీ వినీ, ఆపుకోలేక పెద్ద మేడం దగ్గరికి పరుగెత్తింది. "పగటాల్ల మేడం! పగటాల్ల! మగ్గం ఆగేది అప్పుడేనట! ఇన్నొద్దులు ఒక్కలం గూడ అడుగలే!" కళ్ళలో నీళ్ళు, నోటినిండా నవ్వు. పెద్ద మేడం ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఆ మొదటి పిల్లను మీరు వదిలేసినప్పుడే నాకు నమ్మకం కుదిరింది దీనమ్మగారూ. మీ పాట సంగతి సారు చెప్పారు, ఎత్తుకుంటారేమోనని భయపడ్డాను" అంది.

కొత్తవాడకు బడి వచ్చింది. మగ్గాలు ఆగే వేళకు గంట కొట్టేవారు. మొదటిరోజు అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నది పద్మ.

కేంద్రం ఆ తర్వాత ఎన్నో బృందాలకు శిక్షణ ఇచ్చింది. నేర్పేది దీనమ్మే. ఎల్లస్వామి ఆమెకు కుడిభుజం. ఎవరు కొత్తగా వచ్చినా ఆమె ముందు చెప్పేది పచ్చ ఏనుగు కథ, తర్వాత పద్మ కథ. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగేవారు, ఆ పిల్ల ఎందుకు చెప్పలేదు, ఏం దాచింది అని. "నాకేం తెలుసు? చెప్పనన్నది గదా" అనేది దీనమ్మ. వాళ్ళకు నమ్మకం కుదిరేది కాదు. ఆ పిల్లను రోజూ బడిలో చూస్తూ కూడా అడగలేదా అని ముక్కున వేలేసుకునేవారు. అడగలేదు. అడగాలని నాలుక దురదపెట్టిన రోజులు ఎన్నో ఉన్నాయి, దాచడమెందుకు. అయినా అడగలేదు.

ఎనభై ఎనిమిదిలో ఒక పెద్ద శిక్షణకు పద్మనే రమ్మని పిలిచింది. అప్పటికి పద్మ పది పాసై, ఆ పగటి బడిలోనే చిన్నపిల్లలకు చదువు చెబుతోంది. వచ్చినవాళ్ళు ఎట్లా అడుగుతున్నారో చూసి చెప్పడం ఆమె పని. ఆ పిల్ల ఈమేనని తెలియగానే హాలంతా గుసగుసలు. సూటూ బూటూ వేసుకున్న ఒకాయన ఇక ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఇన్నాళ్ళయింది. ఇప్పుడైనా చెప్పండి. ఆ రోజు ఎందుకు చెప్పనన్నారు?"

హాలు చెవులు రిక్కించింది. వెనక కూర్చున్న దీనమ్మ ముందుకు వంగింది. పద్మ ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. అటు దీనమ్మను చూసింది. పెదవి చివర నవ్వు.

"చెప్ప పో!" అంది.

అప్పుడు హాలు వెనక నుంచి చప్పట్లు మోగాయి. ఆరేళ్ళుగా పిల్లల ముందు ఒక్కసారి కూడా చరచని ఆ రెండు చేతులతో దీనమ్మ, కూర్చున్నచోటి నుంచి లేచి మరీ, అరచేతులు ఎర్రబడేదాకా కొట్టింది.